గేటు దగ్గరి పీఎం10 రిపోర్టు గ్రైండర్ పట్టిన మనిషి ఊపిరి గురించి చెప్పదు

తమ్మీ, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలియాలని నీ ప్రశ్నను ముందు నాలుగు మాటల్లో రాస్తున్నాను. కరీంనగర్ దగ్గర గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్‌లో సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేరి ఏడు నెలలైందన్నావు. గేటు పక్కన యంత్రం పెట్టించి ఒక రోజు గాలి కొలిపించారు. పీఎం10, అంటే 10 మైక్రాన్ల లోపు దుమ్ము (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఘనమీటరుకు 88 మైక్రోగ్రాములు వచ్చింది. పరిమితి 100 కాబట్టి మనకేం ఇబ్బంది లేదని ఓనరు అంటున్నారు. కానీ అంచులు గ్రైండింగ్ చేసే ఇద్దరు రెండు నెలలుగా దగ్గుతున్నారు. రిపోర్టును నమ్మాలా, మనుషుల్ని నమ్మాలా అని అడిగావు.

మనుషుల్ని నమ్ము. రిపోర్టులో అంకె సరిగ్గానే ఉండొచ్చు, కానీ ఆ అంకె నీ ప్రశ్నకు జవాబు కాదు. 100 అన్నది 2009లో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యత ప్రమాణం. ఊళ్లో అందరూ పీల్చే బయటి గాలికి, 24 గంటల సగటుకు పెట్టినది. కాలుష్య నియంత్రణ మండలి ఫైలుకు అది అవసరమే. నీ గ్రైండర్ మనిషి ముక్కుకూ తిరిగే వీలుకూ (గ్రైండర్ చక్రానికి) మధ్య ఉన్నది రెండడుగులు. గేటుకు చేరేసరికి ఆ దుమ్ము ఎంత పలచబడుతుందో, గాలి ఆ రోజు ఎటు వీచిందో ఎవరు చెప్పాలి? అందులో సిలికా, అంటే రాతిలో ఉండి ఊపిరితిత్తులను పాడుచేసే ఖనిజం, ఎంతో ఆ కాగితంలో అసలు లేదు. మన పనిలో చూడాల్సినదే అది.

నేను హనుమకొండలో ఉంటాను. జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, సిమెంటు, ఎక్కువగా రాతి యూనిట్లు, ముప్పై ఏళ్లకు పైగా వీటిలో గాలి కొలవడమే నా పని. ఎక్కడికి పోయినా వినే మాట ఒకటే: "దుమ్మేడుంది సార్, నీళ్లు కొడుతున్నం గదా." కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, దగ్గి ఉమ్మితే పోతుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయేది సుమారు 4 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణం. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే లెక్క వేసుకో. 1 మైక్రాన్ క్వార్ట్జ్ (రాతిలో సిలికా ఉండే రూపం) కణం మనిషి ముక్కు ఎత్తు నుంచి నేలకు దిగడానికి, గాలి కదలకుండా ఉన్నా, దాదాపు 5 గంటలు పడుతుంది. మిషన్లు బంద్ చేసి షెడ్డులోనే సద్ది విప్పుకొని కూర్చుంటారు చూడు, వాళ్లు పొద్దున కోసిన రాయిని మధ్యాహ్నం పీలుస్తున్నారు.

పైసా ఖర్చు లేకుండా ఈ రాత్రే ఒక పని చెయ్యి. చీకటి పడ్డాక షెడ్డు లైట్లు తీయించి, గ్రైండింగ్ జరుగుతుంటే మనిషి వెనుక నుంచి నీ వైపుకు సన్నటి, గట్టి వెలుగున్న టార్చి వేయించు. నేరుగా లైటు కంట్లో పడకుండా చెయ్యో అట్టముక్కో అడ్డం పెట్టుకొని ఆ వెలుగు దారిలోకి చూడు. పెంకుటింట్లో పొద్దున కిటికీ సందులోంచి పడే ఎండలో దుమ్ము కనిపించదూ, అదే సూత్రం. మామూలు వెలుగులో ఏమీ లేదనిపించిన చోట వీలు నుంచి పొగలాగ లేచి, నేరుగా అతని గడ్డం కిందికి పోవడం కనిపిస్తుంది. ఫోన్లో వీడియో తీసి ఓనరుకు చూపించు. నా అనుభవంలో పది పేజీల రిపోర్టు కంటే ఈ వీడియోకే ఓనర్లు త్వరగా కదిలారు. ఇది కొలత కాదు, ఎక్కడ కొలవాలో చెప్పే దారి.

కొలతకు వచ్చేముందు నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక యూనిట్‌లో పలకలు కోసే బ్రిడ్జి కట్టర్ ఆపరేటరుకు పంపు, అంటే ఒంటికి కట్టి గాలి కొలిచే పరికరం, కట్టాను. పెద్ద మిషన్, పెద్ద చప్పుడు, అక్కడే దుమ్ము ఎక్కువ ఉంటుందనుకున్నాను. బ్లేడు మీద నీళ్లు ధారగా పడతాయి, కొలత తక్కువ వచ్చింది. ఫర్వాలేదని రాసి ఇచ్చాను. రెండేళ్ల తర్వాత మళ్లీ అక్కడికే పోయినప్పుడు, రోజూ ఎండిన స్లర్రీ బురదను చీపురుతో ఊడ్చే అమ్మకు పంపు కట్టాలన్న బుద్ధి పుట్టింది. ఆ షెడ్డులో అందరికంటే ఎక్కువ ఆమెకే వచ్చింది. హాజరు పుస్తకంలో ఆమె పేరు లేదు, కూలి లెక్కలో ఉంది. ఆ రెండేళ్లు ఆమె పీల్చిన దానిలో నా సంతకం ఉంది. అందుకే ఇప్పుడు ఎవరికి కట్టాలి అని అడిగితే, ముందు షిఫ్టంతా నిలబడి చూడు అంటాను. ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేస్తున్నారు, పొడిగా చేసే పని ఏది, ఊడ్చేది ఎవరు, కంప్రెసర్ పైపుతో బట్టలు దులుపుకొనేది ఎవరు, అన్నీ పుస్తకంలో రాసుకో. ఒకే తీరు పని చేసేవాళ్లను ఒక గుంపుగా వెయ్యి. ఒక్కో గుంపులో ఎక్కువ దుమ్ము తినేవాళ్లతో మొదలుపెట్టు.

పద్ధతి ఇదీ. నడుముకు కట్టుకొనే చిన్న బ్యాటరీ పంపు ఉంటుంది. దాని గొట్టం భుజం మీదుగా వచ్చి కాలరు దగ్గర సైక్లోన్ అనే చిన్న పరికరానికి, దానిపై ఫిల్టర్ ఉన్న క్యాసెట్‌కు కలుస్తుంది. ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. పెద్ద కణాలు సైక్లోన్ అడుగున డబ్బీలో పడిపోతాయి, లోతుకు పోయే సన్న కణాలే ఫిల్టర్ మీదికి వస్తాయి. గాలి వేగం సైక్లోన్‌ను బట్టి ఉంటుంది: 10 మిల్లీమీటర్ల నైలాన్ రకానికి నిమిషానికి 1.7 లీటర్లు, అల్యూమినియం రకానికి 2.5 లీటర్లు. ఈ వేగం తప్పితే కొలిచేది మారిపోతుంది, కాబట్టి షిఫ్టు ముందూ వెనుకా వేగం సరిచూసే క్యాలిబ్రేటర్‌తో చూసుకోవాలి. రెండింటికీ 5 శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ శాంపిల్ పక్కన పెట్టేయ్. విప్పేటప్పుడు సైక్లోన్‌ను తలకిందులు చేయొద్దు, అడుగున పడ్డ గరుకు దుమ్మంతా ఫిల్టర్ మీదికి దొర్లుతుంది. ఈ మాట పంపు కట్టుకున్న మనిషికి కూడా చెప్పాలి. అన్నం తినేటప్పుడు విప్పి మూలన పడేస్తారు, వాళ్ల తప్పు కాదు, మనం చెప్పలేదు. గాలి పీల్చని ఒక ఖాళీ ఫిల్టర్‌ను కూడా అదే పెట్టెలో తీసుకుపోయి, అదే పెట్టెలో తేవాలి, దారిలో అంటిన దుమ్మెంతో దానితో తేలుతుంది.

కొలిచే రోజు గ్రైండింగ్ తగ్గించి, నేలంతా తడిపి ఉంచడం కొన్నిచోట్ల చూశాను. ఆ రోజు ఎన్ని పలకలు, ఏ రాయి, ఎన్ని గంటలు అన్నది రాసి ఉంటే ఆ సంగతి కాగితం మీదే తెలిసిపోతుంది.

ల్యాబును ఎంచుకొనేటప్పుడు ఒక్క మాట తప్పక అడుగు: ఫిల్టర్‌ను తూచడమే చేస్తారా, క్వార్ట్జ్ కూడా కొలుస్తారా? క్వార్ట్జ్‌కు ఎక్స్‌రే డిఫ్రాక్షన్ గానీ ఇన్‌ఫ్రారెడ్ గానీ, ఏదో ఒక పరీక్ష పద్ధతి ఉండాలి. తూకం ఒక్కటే చేసే ల్యాబు నీకు సగం జవాబే ఇస్తుంది.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు వేసుకున్న అంకెలివి. 2.5 లీటర్ల వేగంతో 480 నిమిషాలు నడిస్తే 1200 లీటర్లు, అంటే 1.2 ఘనమీటర్ల గాలి. ఫిల్టర్ బరువు 1.2 మిల్లీగ్రాములు పెరిగిందనుకో. ఘనమీటరుకు 1 మిల్లీగ్రాము సన్న దుమ్ము. అందులో క్వార్ట్జ్ 25 శాతం అని ల్యాబు చెప్పిందనుకో. మన పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు సూత్రం ప్రకారం, క్వార్ట్జ్ శాతానికి 2 కలిపి, దానితో 10ని భాగించాలి. 10ని 27తో భాగిస్తే 0.37 మిల్లీగ్రాములు. నీ మనిషికి వచ్చింది 1. పరిమితికి రెండున్నర రెట్లు పైనే. అదే మనిషి విడిగా సిలికా ఎంత పీల్చాడు? 0.25 మిల్లీగ్రాములు. అమెరికాలో పని భద్రత సంస్థ ఓషా 2016లో పెట్టిన పరిమితి 0.05. అంటే దానికి ఐదు రెట్లు. అక్కడి నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ సూచించేది 0.025, దానికి పది రెట్లు. మన సూత్రం ప్రకారం పాసైనా, సిలికా లెక్కలో అది 0.09 దాకా ఉండొచ్చు. అందుకే నేను గురి ఎప్పుడూ 0.05 కిందే పెట్టుకుంటాను.

గేటు దగ్గరి 88ను ఈ 1 మిల్లీగ్రాముతో ఎప్పుడూ పోల్చకు. ఒకటి మైక్రోగ్రాముల్లో, ఇంకోటి మిల్లీగ్రాముల్లో. ఒకటి ఊరి గాలి, ఇంకోటి ఒక్క మనిషి గాలి. రెంటినీ కలిపి ఒకే పట్టికలో వేసిన రిపోర్టులు నేను కళ్లారా చూశాను.

మీ దగ్గర షిఫ్టు 12 గంటలా? అయితే పరిమితి ఇంకా తగ్గుతుంది. పీల్చే గంటలు పెరుగుతాయి, ఊపిరితిత్తులు తేరుకొనే గంటలు తగ్గుతాయి. 8ని 12తో భాగించి, మిగిలిన 12 గంటలను 16తో భాగించి, ఆ రెంటినీ గుణిస్తే సరిగ్గా సగం వస్తుంది. 0.05 కాస్తా 0.025 అవుతుంది. ఈ సంగతి రిపోర్టుల్లో దాదాపు ఎవరూ రాయరు.

ఒక్క రోజు కొలతతో తీర్పు చెప్పొద్దు. అదే మనిషి, అదే పని, రోజు మారితే రెండు మూడు రెట్లు తేడా రావడం మామూలే. ఐరోపా ప్రమాణం ఒకటి మంచి కొలబద్ద ఇస్తుంది: ఒక గుంపులో మూడు కొలతలు తీస్తే మూడూ పరిమితిలో పదో వంతు లోపు ఉన్నప్పుడే సరే అనుకోవాలి. పరిమితికి కొంచెం కింద ఒక్క కొలత వచ్చిందంటే, మిగతా రోజుల్లో చాలాసార్లు దాటుతున్నట్టే లెక్క.

రాయి సంగతి కూడా చూడు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ సాధారణంగా ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది, గని గనికీ మారుతుంది. మీరు కోసే టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ రెండింటికీ ఒకే శాతం వేసి లెక్క కట్టొద్దు. నల్ల గ్రానైట్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు వేరే జాతి రాళ్లు, క్వార్ట్జ్ బాగా తక్కువ. దీనికి పూర్తి ఎదురు వంటింటి ప్లాట్‌ఫాంలకు వస్తున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకలు. వాటిలో సిలికా 90 శాతం పైన ఉండొచ్చు. కుర్ర కార్మికుల్లో కూడా జబ్బు బయటపడుతుంటే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని పూర్తిగా నిషేధించింది. మీ షెడ్డులో ఎవరైనా జాబ్‌వర్కు కింద అవి తెచ్చి పొడిగా కోయిస్తుంటే కొలతల కోసం ఆగకు, ఆ పని ఆరోజే ఆపించు.

అదుపు విషయానికి వస్తే, నీ ఓనరు ముందు మాస్కులు కొంటానంటాడు. అందరూ అదే అంటారు. ముందు పొడి గ్రైండింగ్‌ను తడి పనిగా మార్చు. ఇక్కడ జాగ్రత్త: మామూలు కరెంటు గ్రైండర్ మీద నీళ్లు పోస్తే సిలికాకు ముందే షాకు ప్రాణం తీస్తుంది. గాలితో నడిచే, వీలు మధ్య నుంచే నీళ్లు వచ్చే గ్రైండర్లు ఉన్నాయి, అవి తెప్పించు. వీలూ రాయీ తగిలే చోటే నీళ్లు పడాలి, పక్కన నేల మీద పడితే లాభం లేదు. తిప్పి వాడే నీళ్లు చిక్కటి బురదగా ఉంటే, తుంపరలతో పాటు సిలికానే మళ్లీ గాలిలోకి చిమ్ముతున్నావన్న మాట. తొట్టిలో తేరిన నీళ్లే పైకి పంపాలి. మన దగ్గర అసలు కష్టం ఏప్రిల్, మే నెలల్లో. బోర్లు ఎండితే ముందుగా కోత పడేది గ్రైండింగ్ నీళ్లకే. ఆ నెలల్లో తడి పని నడవకపోతే ఏ పని ఆపాలో ఇప్పుడే ఓనరుతో మాట్లాడి రాయించి పెట్టుకో, ఎండలు ముదిరాక ఎవరూ వినరు.

స్లర్రీ తడిగా ఉన్నంతసేపు మంచిదే, ఎండితే విషం. అన్నం బెల్లుకు ముందు ఒకసారి, షిఫ్టు అయ్యాక ఒకసారి పైపుతో కడిగించు. చీపురు తీసేసి, సన్న కణాలనూ పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ ఇప్పించు. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం ఆ రోజు నుంచే బంద్. అది చేసే మనిషి ఒక్క నిమిషంలో మిగతా గంటల మేలంతా పోగొట్టుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లకూ పంచుతాడు. పని బట్టలు ఇంటికి పోకూడదు, ఇంట్లో పిల్లలు ఎక్కేది ఆ ఒడిలోకే.

తడి చేయలేని పని, అంటే అక్షరాలు చెక్కడం, మూల మలుపులు, ఉంటే దుమ్మును పుట్టిన చోటే పీల్చే హుడ్ పెట్టాలి. ఇక్కడ నేను చూసినన్ని డబ్బులు వృథా కావడం ఇంకెక్కడా చూడలేదు. పెద్ద బ్లోయర్ కొంటారు, హుడ్‌ను మనిషికి నాలుగడుగుల పైన వేలాడదీస్తారు. పీల్చే గాలి ఊదే గాలిలాగ దూరం పోదు. అడుగు వెడల్పున్న గొట్టం మూతి నుంచి ఒక్క అడుగు దూరం పోయేసరికి దాని వేగం పదో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. కాబట్టి హుడ్ పక్క నుంచి, వీలుకు జానెడు దూరంలోకి రావాలి, దుమ్ము చిమ్మే దిక్కుకు ఎదురుగా ఉండాలి. మనిషికీ హుడ్‌కూ మధ్య రాయి ఉండాలి కానీ, రాయికీ హుడ్‌కూ మధ్య మనిషి ఉండకూడదు. గొట్టాల్లో గాలి సెకనుకు 18 నుంచి 20 మీటర్ల వేగంతో పోకపోతే రాతి దుమ్ము లోపలే కూర్చుని ఆరు నెలల్లో దారి మూసేస్తుంది. బిగించినవాళ్లు పోకముందే నాలుగు అగరుబత్తీలు వెలిగించి వీలు ఉండే చోట పట్టు. పొగ హుడ్‌లోకి వంగకపోతే బిల్లు పాస్ చేయించకు. నెలకోసారి అదే పరీక్ష పెట్టు. నిలువు ఫ్యాన్లను కూడా చూడు. 44 డిగ్రీల ఎండలో ఫ్యాన్ వద్దనలేం, కానీ మనిషి వెనుక నుంచి వీచే ఫ్యాన్ అతని ముందు సుడి తిప్పి దుమ్మును ముఖానికే తెస్తుంది, హుడ్ లాగే గాలినీ చెదరగొడుతుంది. పక్క నుంచి, దుమ్ము ఇంకో మనిషి మీదికి పోకుండా తిప్పించు.

ఇవన్నీ అయ్యేదాకా మాస్కు కావాలి, సందేహం లేదు. దస్తీ, తువ్వాలు మాస్కులు కావు. ఐఎస్ 9473 గుర్తున్న ఎఫ్‌ఎఫ్‌పీ2 రకానికి తగ్గొద్దు. గడ్డం పెంచిన ముఖానికి అది అతుక్కోదు, గాలి అంచుల్లోంచే పోతుంది. సరిగ్గా అతికిన సగం ముఖం మాస్కు దుమ్మును పదో వంతుకు తగ్గిస్తుందని లెక్క. ఇందాకటి 0.25 కాస్తా 0.025 అవుతుంది. అయితే ఆ ఎండలో, ఆ చెమటలో షిఫ్టులో సగంసేపే పెట్టుకున్నాడనుకో, సగటు 0.14 దగ్గరికి వచ్చేస్తుంది. పది రెట్ల రక్షణ అనుకున్నది రెండు రెట్లు కూడా దక్కదు. మాస్కు పెట్టుకోలేదని కార్మికుడికి జరిమానా వేసే ముందు, నువ్వు మే నెలలో ఒక పూట అదే మాస్కుతో ఆ గ్రైండర్ పట్టుకొని చూడు.

ఇక ఆ ఇద్దరు. ఈ వారంలోనే ఛాతీ ఎక్స్‌రే, ఊది చేసే స్పైరోమెట్రీ, కఫం పరీక్ష మూడూ చేయించు. డాక్టరుకు "రాయి గ్రైండింగ్, ఇన్నేళ్లు" అని చీటీ మీద రాసి పంపు. అది చెప్పకపోతే ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ మందు మొదలుపెట్టి అక్కడితో ఆగిపోతారు. సిలికాసిస్ (సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకు టీబీ కూడా త్వరగా పడుతుంది, రెండూ కలిసి ఉండొచ్చు. సిలికాసిస్ మానే మందు లేదు, దుమ్ము నుంచి తప్పించడమే చికిత్సలో మొదటి మెట్టు. మామూలుగా పదేళ్లు దాటాక బయటపడుతుంది, దుమ్ము మరీ ఎక్కువైతే కొన్నేళ్లలోనే, కొన్నిసార్లు నెలల్లోనే వస్తుంది. స్ఫటిక సిలికా క్యాన్సర్ కూడా తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది.   సిలికా జబ్బు చెప్పి రాదు. ఎక్స్‌రేలో మచ్చలు పడ్డాక కూడా మనిషి మామూలుగా పని చేస్తూనే ఉండొచ్చు.

సిలికాసిస్ అని తేలితే అధికారులకు తెలియజేయడం యాజమాన్యం బాధ్యత, చూసిన డాక్టరు బాధ్యత కూడా. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఉన్నది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు అది పని వల్ల వచ్చిన జబ్బు కింద లెక్కకు వస్తుంది, ఈఎస్‌ఐ లేకపోతే పాత పరిహారం చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఉంది. పేరు బయటికి వస్తే పని పోతుందని వాళ్లు భయపడతారు. దుమ్ము లేని పనిలోకి, అదే కూలికి మారుస్తామని ఓనరుతో ముందే ఒప్పించి, ఆ తర్వాత పరీక్షలకు తీసుకుపో.

మీ దగ్గర ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ మంది ఉండే ఉంటారు. మూడేళ్లు చేసి వెళ్లిపోతారు, దగ్గు వాళ్ల ఊళ్లో మొదలవుతుంది. అక్కడి డాక్టరుకు ఈ షెడ్డు సంగతి ఎట్లా తెలుస్తుంది? చేరినప్పటి ఎక్స్‌రే, ఏటా తీసిన ఎక్స్‌రే, చేసిన పని పేరు, పనిచేసిన నెలలు, నీ దగ్గర కొలత ఉంటే ఆ అంకె, వీటి నకలు వాళ్ల చేతికే ఇవ్వు, ఫోన్లో ఫొటో కూడా తీయించు. వాళ్ల భాషలో ఒక్క వాక్యం రాయించి పెట్టు: "నేను రాతి దుమ్ములో పనిచేశాను."

మొదటి విడతకు నేను ఇట్లా చేస్తాను: అంచు గ్రైండింగ్ చేసే వేరే ఇద్దరికి, ఊడ్చే మనిషికి, అక్షరాలు చెక్కే మనిషికి, మూడు వేర్వేరు రోజులు, పూర్తి షిఫ్టు. తడి గ్రైండర్ లేదా హుడ్ పెట్టాక అదే మనుషులకు, అదే రాయి మీద మళ్లీ. రెండు విడతల కొలతలు, క్వార్ట్జ్ శాతం, షిఫ్టు గంటలు, రాయి పేరు నీ దగ్గరికి వచ్చాక ఇక్కడే రాయి, లెక్క కలిసి చూద్దాం. దగ్గుతున్న ఇద్దరినీ మాత్రం, అప్పటిదాకా ఆగకుండా, రేపే పొడి పని నుంచి తప్పించు.